మూసీ యొడ్డున ధర్మము

హైదరాబాదు నగరమున మూసీనదికి దక్షిణపు టొడ్డున మలక్‌పేట యను ప్రాంతము కలదు. గోలకొండ నేలిన కుతుబ్‌షాహీ ప్రభువుల సేవకుడైన మాలిక్ యాకూబు పేర నిది వెలసెనని చెప్పుదురు. ఒకప్పుడు నగరపు పొలిమేరగా నుండిన యీ పేట నేడు నగరము నడుమ నున్నది. గుఱ్ఱపు పందెముల మైదానము, మహబూబ్ మాన్షన్ అను పాతమేడ, మిరపకాయల ఘాటుతోను ఉల్లిగడ్డల బస్తాలతోను పేరొందిన గంజి, ఒక వీథిలో గుడిగంట, ప్రక్క వీథిలో మసీదునుండి అజాను, ఇవన్నియు నచట కొద్దిపాటి నడకలోనే యెదురగును. చాదర్‌ఘాటు వంతెన దాటినచో నది కావలి యొడ్డు.

వేసవికాలమున ఆ వంతెనపై నిలిచి క్రిందికి చూచిన వారికి మూసీ యొక నదివలె తోచదు. నల్లబడిన సన్నని పాయయు, దాని కిరువైపుల గడ్డియు, నగరవాసులు విసరివేసిన చెత్తయు మాత్రమే కనబడును. ఈ పాయ యొకనాడు నగరమును ముంచి వేలకొలది ప్రాణములను హరించినదని చెప్పినచో నేటి బాలురు వెంటనే నమ్మజాలరు. కాని ఆ వరద కథ తెలిసికొనదగినది. ఏలయన, దానము, ధర్మము, దైవభక్తి అను మాటల కర్థమేమో ఆ వరద యీ నగరమునకు నేర్పినంత చక్కగా వేరెవ్వరును నేర్పలేదు.

అది 1908వ సంవత్సరము సెప్టెంబరు నెల 28వ తేదీ, సోమవారము. అంతకుముందునుండియే వాన విడువక కురియుచుండెను. నగరమునకు చేరువనున్న శంషాబాదు వద్ద ఇరువదినాలుగు గంటలలో 12 అంగుళములకు పైగా వర్షము పడెను. మూసీకి నీరు చేర్చు ప్రాంతమున వందలకొలది చెరువులు కలవు. వానిలో 221 చెరువుల కట్టలు తెగినవి. పై చెరువు తెగి క్రింది చెరువుపై బడ, అదియు తెగి దాని దిగువ చెరువుపై బడ, ఆ నీరంతయు నేకమై నగరముపై విరుచుకొనిపడెను. చాదర్‌ఘాటు వంతెన, అఫ్జల్‌గంజి వంతెన, ముసల్లంజంగు వంతెన, మూడును కొట్టుకొనిపోయినవి. 1578లో నిర్మింపబడిన పురానాపూలు మాత్రము నిలిచినది. వేలకొలది యిండ్లు నేలమట్టమయ్యెను. సుమారు 15,000 మంది మరణించిరని సాధారణముగ లెక్క చెప్పుదురు.

అఫ్జల్‌గంజి వైపున, ఉస్మానియా ఆసుపత్రి యావరణమునందు, ఒక చింతచెట్టు కలదు. నీరు పెరుగుచుండగా చేతి కందిన కొమ్మను పట్టుకొని దానిపై కెక్కినవారు సుమారు 150 మంది బ్రదికి బయటపడిరి. ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరో, ఎవరి చేయి ఎవరు పట్టి పైకి లాగిరో, ఆ వివరములు చరిత్రకు చిక్కలేదు. ధనికుడును కూలివాడును ఒక్క కొమ్మనే పట్టుకొని యుందురు. పైనున్నవాడు క్రిందివానికి చేయి యిచ్చుటకు ముందు కులగోత్రములు విచారించి యుండినచో 150 మంది బ్రదికెడివారు కారు.

అప్పుడు హైదరాబాదు రాజ్యము నేలుచున్నవాడు ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను. మలక్‌పేటలోని మహబూబ్ మాన్షను ఆయన పేరు గలదే. నది శాంతించుటకై పెద్దల మాట మన్నించి ఆయన యొడ్డునకు వచ్చి, పళ్లెరమున చీరయు మంగళద్రవ్యములును ఉంచి, మూసీతల్లికి హారతి యిచ్చెనని నగరమున నొక కథ వాడుకలో నున్నది. మహమ్మదీయుడైన ప్రభువు, హిందువులు తల్లిగా తలచు నదికి, ప్రజల కన్నీరు చూచి హారతి పట్టెననునది ప్రజలకు నచ్చిన కథ. తరతరములుగా దానిని మురిసి చెప్పుకొనుచున్నారు. అయితే ఆయన హారతితో నాగలేదు. రాజప్రాసాదముల వాకిళ్లు తెఱపించెను. ఇండ్లు గోల్పోయినవారికి ఆ యావరణములలో ఆశ్రయ మొసగిరి. నగరమున పలుచోట్ల వంటశాలలు పెట్టి అన్నము పెట్టించిరి.

ఆ దినములలో వరదబాధితులకు సేవచేసినవారిలో సరోజినీ నాయుడు ఒకరు. అందులకు మెచ్చి ఆంగ్లప్రభుత్వము ఆమెకు కైసరె హింద్ పతకము నిచ్చెను. 1919లో జలియన్‌వాలాబాగున నిరాయుధులపై కాల్పులు జరిగినపిమ్మట ఆమె ఆ పతకమును తిప్పి యిచ్చివేసెను. పతకమును తిరిగి యీయవచ్చును. వరదలో పెట్టిన అన్నమును మాత్రము ఎవ్వరును తిరిగి యీయజాలరు, ఎవ్వరును తిరిగి తీసికొనజాలరు.

లోకమున కొందఱు భక్తిని పూజగదిలోను, దానమును వీథిగుమ్మమునందును ఉంచి, రెంటికి నడుమ తలుపు వేసికొందురు. పూజ తమకు మోక్ష మిచ్చుననియు, దానము చేయుట తమ దయాగుణమనియు వారి భావము. ఈ భావము సరియైనది కాదు. తెలుగునాట బిచ్చమెత్తువాడు గుమ్మమున నిలిచి ఏమని యడుగును? దానము చేయుడని యడుగడు. ధర్మము చేయండి తల్లీ, యని యడుగును. బాటసారులకు అన్నము పెట్టు చోటును ధర్మసత్ర మనుచుండిరి. రుసుము లేక రోగులను చూచు చోటును పల్లెవారు నేటికిని ధర్మాసుపత్రి యందురు. అక్షరము రాని యా బిచ్చగాడు పండితులకంటె మాటను సరిగా వాడినాడు. దానమనగా ఇచ్చువాని యిష్టము. ధర్మమనగా ఇచ్చువాని విధి. ఇష్టము రేపు మారవచ్చును, విధి మారదు.

పూర్వులు ఈ విధిని లెక్కలో నుంచిరి. గృహస్థు ప్రతిదినము చేయవలసిన యజ్ఞములు ఐదని ధర్మశాస్త్రములు చెప్పినవి. అందు దేవతలకును, ఋషులకును, పితరులకును చేయునవి మూడు. అతిథి కన్నము పెట్టుట నాలుగవది. పశుపక్ష్యాదులకు పెట్టుట అయిదవది. మొదటి మూడును చేసి చివరి రెంటిని విడిచినవాడు యజ్ఞము పూర్తిచేసినవాడు కాడు. మలక్‌పేట మసీదులలో నమాజు చేయువారికిని ఈ మాట క్రొత్తది కాదు. ఒక పరిమితికి మించి యేడాదిపాటు నిలిచిన సంపదలో నలువదింట నొక వంతు బీదలకు చెందవలెనని వారి మతము విధించినది. దానినే జకాతు అందురు. అది నమాజు, ఉపవాసములతో సమానముగ ఐదు మూలవిధులలో నొకటి. సిక్కుల గురుద్వారాలో రాజైనను బిచ్చగాడైనను ఒకే పంక్తిని నేలపై కూర్చుండి భోజనము చేయవలెను. మతములు వేఱైనను ఇచ్చట మాట ఒక్కటియే.

అపాత్రదానము కూడదని పెద్దలు చెప్పలేదా యని కొంద ఱడుగుదురు. చెప్పిరి. దేశకాలములను, పాత్రతను చూచి యీయవలెనని భగవద్గీతయందును కలదు. కాని దానికంటె ముందు, ఇచ్చుట కర్తవ్యమని తలచి, ప్రతిఫల మాశింపక యీయవలెనని అచ్చటనే యున్నది. మొదటి మాట మఱచి రెండవ మాటను మాత్రమే జ్ఞాపకముంచుకొనువారి చేయి సాధారణముగ జేబు విడిచి రాదు.

బమ్మెర పోతన తెనిగించిన భాగవతమున నవమస్కంధమునందు రంతిదేవుని కథ కలదు. రాజైన రంతిదేవుడు కలిమినంతయు అర్థుల కిచ్చివేసి, ఆలుబిడ్డలతో నలువదియెనిమిది దినములు అన్నపానములు లేక యుండెను. మరునాటి యుదయమున నేయి, పాయసము, నీరు లభించినవి. తినబోవు సమయమున ఒక బ్రాహ్మణుడు వచ్చెను. అతనికి భాగ మిచ్చెను. పిమ్మట ఒక శూద్రుడు వచ్చెను. అతనికిని భాగ మిచ్చెను. కుక్కలను వెంటబెట్టుకొని మఱియొకడు వచ్చి, తనకును తన కుక్కలకును ఆకలి యనెను. మిగిలిన యన్నమంతయు నిచ్చి వారికి నమస్కరించెను. నీరు మాత్రము మిగిలెను. అదియు నొక్కనికి చాలునంత. త్రాగబోవునంతలో, లోకము దూరముగ త్రోసివేసిన కులమువా డొకడు దాహమనుచు వచ్చి నిలిచెను. తన ప్రాణము పోవుచున్నను రాజు ఆ నీటిని అతనికి పోసెను. తనకు పెద్దపదవులు గాని మోక్షము గాని వలదనియు, జీవుల దుఃఖము తీఱిన చాలుననియు ఆ రాజు తలంపు.

ఈ కథను వినినవారు సాధారణముగ మెచ్చుకొనునది రాజు పడిన పస్తులు. దానికంటె మెచ్చవలసినది వేఱొకటి కలదు. వచ్చినవారిలో ఏ యొక్కనినిగాని అతడు నీవెవ్వడవని యడుగలేదు. అయినను బుద్ధిమంతుడైన బాలు డొకడు ఇంకొక ప్రశ్న వేయవచ్చును. రాజే పస్తులున్నప్పుడు ఆ రాజ్యమున ప్రజలగతి యేమి? చెరువు లెట్లుండెను, పంట లెట్లుండెను? కవి ఆ సంగతి చెప్పలేదు. ఆయనకు చెప్పవలసిన పనియు లేదు. కాని ప్రశ్న మంచిదే. దానికి జవాబు మరల మూసీ యొడ్డుననే దొరకును. అంతకుముందు గోదావరి లంకల కొకసారి పోయివచ్చుట మంచిది.

మూసీకి వరద వచ్చిననాటికి గోదావరీప్రాంతమున, లంకల గన్నవరమను గ్రామమున, డొక్కా సీతమ్మ అను వృద్ధురాలు జీవించియుండెను. 1841లో జన్మించి 1909లో మరణించిన యామె రాణి కాదు, జమీందారిణి కాదు. వ్యవసాయము గల యొక గృహస్థుని యిల్లాలు. గోదావరి పాయలు దాటి పోవు బాటసారులు ఆకలితో ఏ వేళ వచ్చి తలుపు తట్టినను, లేచి వండి పెట్టుట ఆమెకు నిత్యవ్రతము. ఒకసారి యామె అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు బయలుదేరెను. ఎన్నాళ్లనుండియో కోరుకొనిన యాత్ర యది. దారిలో విశ్రమించియుండగా, గన్నవరము చేరినచో సీతమ్మగారింట అన్నము దొరకునని ప్రయాణీకులు కొందఱు ఆకలిగొన్న తమవారిని ఊరడించుట ఆమె చెవిని బడెను. వెంటనే వెనుకకు మరలి, వారికంటె ముందుగనే యిల్లు చేరి పొయ్యి వెలిగించెనని ప్రతీతి. స్వామి దర్శనము తప్పినదని యామె చింతింపలేదు. దర్శనము తప్పినదో, గన్నవరముననే అయినదో చదువరులే తేల్చుకొనవచ్చును.

గన్నవరము వద్ద గోదావరి పాయపై 2000వ సంవత్సరమున పూర్తియైన నీటివంతెనకు ఆమె పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు గూడ ఆమె పేరే యుంచినది. ఒక యింటి పొయ్యిపై ఉడికిన యన్నము ఇప్పుడు లక్షలమంది పిల్లలకు ప్రజలు కట్టిన పన్నులనుండి వచ్చుచున్నది. ఈ మార్పు చిన్నది కాదు. సీతమ్మ యింటి గుమ్మము చేరగలిగినవానికే ఆనాడు అన్నము దొరకెడిది. ఏరు దాటలేనివానికిని, నడువ శక్తి లేనివానికిని దొరకదు. అది యామె తప్పు గాదు. ఒక్క తల్లి రెక్కల కష్టమునకు హద్దు కలదు. ఆ హద్దు దాటిన పని పదిమందిది, ఊరందఱిది, ప్రభుత్వముది.

1908 వరదలో అన్నము పెట్టినవారు ధన్యులే. కాని ఆ వంటశాల లెన్ని దినములు నడచును? నీరు తీసినది, బురద యెండినది. చోటులేని బీదలు మరల ఆ యొడ్డుననే గుడిసెలు వేసికొనక తప్పదు. మఱియొక కుంభవృష్టి వచ్చినచో మరల వరద, మరల శవములు, మరల వంటశాలలు. ఇట్లు జరుగుచున్నంతకాలము దాతలకు పుణ్యమునకు కొఱత యుండదు. బీదలకు చావునకు కొఱత యుండదు. ఒకరి పుణ్యమునకు మఱియొకరి దుర్గతి పెట్టుబడి కావలసివచ్చినచో, ఆ పుణ్యమున ఏదో దోష మున్నది.

నాటి ప్రభుత్వమువారు ఈ సంగతి గ్రహించి మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. బొంబాయి ప్రభుత్వోద్యోగమును విడిచి ఐరోపాలో పర్యటించుచుండగా ఆయనకు పిలుపు అందెను. 1909లో ఆయన హైదరాబాదు చేరి పని కారంభించిరి. వానలెక్కలు తీయించిరి. ఏ చెరువు కట్ట ఎందుకు తెగినదో విచారించిరి. నీరు ఎంత ఎత్తున పాఱినదో, నది వెడల్పెంతయో కొలిపించిరి. వరద పెచ్చు పెరిగిన వేళ సెకండునకు 4 లక్షల ఘనపుటడుగులకు మించి నీరు ప్రవహించినదని తేల్చిరి. నగరమునకు ఎగువన మూసీపై నొకటియు, దాని యుపనదియైన ఈసాపై నొకటియు, రెండు జలాశయములు కట్టి, వరదనీటిని అచ్చటనే పట్టి మెల్లమెల్లగా విడువవలెనని సూచించిరి. మురుగునీటి కాలువలకు గూడ పథకము వేసిరి. మహబూబ్ అలీఖాను 1911లో మరణించెను. తరువాతి నిజాము కాలమున, గండిపేట వద్ద ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. వరదను పట్టిన యా నీరే నగరమునకు చిరకాలము త్రాగునీ రయ్యెను. రంతిదేవుని రాజ్యపు చెరువులను గూర్చి అడిగిన బాలునికి ఇదియే జవాబు.

అన్నము పెట్టినవానికి ఆకలి తీరినవాని ముఖము కనబడును. ఆ ముఖమున తృప్తి కనబడును. అది కొంత ప్రతిఫలమే. ఆనకట్ట కట్టినవానికి ఏ ముఖమును కనబడదు. దానివలన బ్రదికినవారికి తాము బ్రదికితిమని తెలియదు. రాని వరదకు సాక్షులుండరు. రాయి మోసిన కూలివారికి, కట్టపై రాత్రింబవళ్లు నిలిచినవారికి, ఎవ్వడును వచ్చి దండము పెట్టడు. ఫలము కోరక పని చేయుమని పెద్దలు చెప్పినది ఇట్టి పనిని గూర్చియే కావలెను. ఇంజనీరు గొలుసును, లెక్కల పుస్తకమును పూజాద్రవ్యములలో చేర్చుటకు కొందఱు సందేహింతురు. సందేహింప నక్కఱలేదు. మూసీకి ఇచ్చిన హారతి ఒక సాయంకాలమున ఆఱిపోయి యుండును. గండిపేట కట్ట నిలిచియే యున్నది.

మనుష్యులను ముంచునది నీ రొక్కటియే కాదు. చాదర్‌ఘాటు వంతెన కావల ఈసామియా బజారు కలదు. అంటరానివారని లోకము దూరముంచిన కుటుంబమున 1888లో జన్మించిన భాగ్యరెడ్డివర్మ, వరదకు రెండేండ్లు ముందు, 1906లో జగన్మిత్రమండలిని స్థాపించెను. హరికథలతోను భజనలతోను తనవారిని చేరదీసి, మద్యపానము మానుడని, ఆడపిల్లలను జోగినులుగా విడువకుడని బోధించెను. పిమ్మట ఈసామియా బజారులోను మఱికొన్ని చోట్లను ఆ పిల్లలకు పాఠశాలలు తెఱచెను. వారికి పాతబట్టలు, మిగిలిన కూడు ఇచ్చు దాతలు నగరమున అంతకుముందును లేకపోలేదు. పలక చేతికిచ్చి ప్రక్కన కూర్చుండబెట్టుకొనువారే అరుదు. మిగిలిన కూడు తినినవాడు మరునాడు మరల ఆ గుమ్మముననే నిలువవలెను. పలక పట్టినవాని కా యవసరము తీఱును. 1939లో మరణించువఱకు ఆయన ఈ పని విడువలేదు.

జలాశయములు కట్టినంతమాత్రమున నగరపు ఋణము తీఱలేదు. 2020వ సంవత్సరము అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన వానకు మలక్‌పేట చేరువనున్న మూసారాంబాగు వంతెన నీట మునిగినది. నది ప్రక్క పల్లపు బస్తీలలోనివారు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. కొలది దినములకే బాలాపూరు వద్ద గుఱ్ఱము చెరువు కట్ట తెగి పాతబస్తీలోని కొన్ని పేటలు మునిగినవి. 221 కట్టలు తెగినది చూచిన నగరమున, 112 ఏండ్ల తరువాత, కట్ట తెగుట ఆగలేదు. చెరువు శిఖములలో ఇండ్లు లేచినవి. నాలాలు ఇరుకైనవి. నీటికి దాని దారి లేకపోగా అది మనుష్యుల దారిని పట్టినది.

ఆ దినములలోను అన్నపు పొట్లములు, దుప్పట్లు పంచినవారు అనేకులు కలరు. వారిని తక్కువచేయరాదు. ఆకలితో నున్నవానికి ఆనకట్ట పటము చూపుట క్రూరత్వము. మొదట అన్నమే. కాని నాలాపై గోడ కట్టి, నీటిదారి మూసి, ఆ గోడలోపల పూజగది కట్టుకొని, వరదనాడు వీథిలో నూఱు దుప్పట్లు పంచినవాని నేమనవలెను? అతడు దాత కాడు, ఋణస్థుడు. తాను తీసికొన్నదానిలో కొంత తిరిగి యిచ్చెను, అంతియే. ఇది కఠినమైన మాటవలె తోచవచ్చును. నీరు చొచ్చిన యింటిలో చంటిబిడ్డను భుజముపై నెత్తుకొని రాత్రియంతయు నిలిచిన తల్లికి అట్లు తోచదు.

బడిపిల్లలకు ఆస్తి లేదు, అధికారము లేదు, కావున ఈ సంగతులు పెద్దలకే చెందినవని తలచుట పొరపాటు. బడికి పోవు బాలుడు తినుబండారపు ప్లాస్టిక్ సంచిని నాలాలో పడవేయక జేబులో నుంచుకొనినచో, ఎవరి యింటిలోనికో వాననీరు చొరకుండ తనవంతు చేసినవాడగును. ఆ యిల్లు ఎవరిదో అతనికి తెలియదు. ఆ యింటివారికి అతడు తెలియడు. గండిపేట కట్టకును ఈ చిన్నపనికిని పరిమాణమున భేదము కలదు గాని స్వభావమున భేదము లేదు. అట్లే, తరగతిలో ఒక తోటివాడు వరుసగా నాలుగు దినములు బడికి రాకపోయినచో వాని యింటికి పోయి యేల రాలేదని యడుగుటకు డబ్బు అక్కఱలేదు. వాని తండ్రికి పని దొరకలేదేమో, వాని యింటిలో నీరు చేరినదేమో, పుస్తకములు తడిసినవేమో. అడిగినగాని తెలియదు.

ఉస్మానియా ఆసుపత్రి చింతచెట్టు క్రింద, సెప్టెంబరు 28వ తేదీ వచ్చినప్పుడు, నగరపు చరిత్ర నెఱిగిన కొందఱు చేరి వరదలో పోయినవారిని తలచుకొనుట కలదు. వానకాలము ఇంకను ముగియని దినము లవి. చెట్టు పచ్చగా నుండును. గోడ కావల మూసీ పాఱుచుండును.